మొదటి బస్తా

నాన్న జిమ్ మెట్లెక్కే ముందు చెప్పులు కిందే విప్పేశాడు.

"ఇది గుడి కాదు నాన్నా, వేసుకునే రావచ్చు," అన్నాను.

"కుడి చెప్పు ఈ మధ్య జారిపోతోందమ్మా. మెట్ల మీద జారితే పైనున్న కుర్రాళ్ళు నవ్వుతారు," అన్నాడు. చెప్పు పాతబడిందని ఇద్దరం అనుకున్నాం. ఆ ఆదివారమే కొత్త జత కొన్నాం కూడా.

మా తణుకులో వరుణ్ వాళ్ళది ఎరువుల కొట్టు. కొట్టు పైన వరుణ్ జిమ్ పెట్టాడు. కింద యూరియా, పైన చెమట. రెండు వాసనలూ సరిగ్గా మెట్ల మలుపులో కలుస్తాయి. పదో తరగతిలో నా వెనక బెంచీలో కూర్చుని నా లెక్కలు చూసి రాసినవాడు, ఇప్పుడు గోడల నిండా అద్దాలు పెట్టించి, ఊళ్ళో కుర్రాళ్ళందరికీ ఛాతీలు పెంచుతున్నాడు.

అద్దాల ముందు నలుగురు నిలబడి చేతులు మడిచి చూసుకుంటున్నారు. నాన్న లుంగీ పైకి కట్టి, మిల్లుకి వేసుకెళ్ళే ఖాకీ చొక్కాతో, భుజాన తువ్వాలుతో వాళ్ళ వెనక నిలబడ్డాడు.

"ఏంటమ్మా జ్యోతీ, పెళ్ళిచూపులేమైనా ఉన్నాయా వీళ్ళందరికీ?" అన్నాడు నా చెవిలో.

"కండ చూసుకుంటున్నారు."

"చూసుకుంటే పెరుగుతుందా?"

"వాళ్ళ నమ్మకం అది."

"మన చర్చిలో కూడా ఇంత నమ్మకం లేదే," అన్నాడు నాన్న.

అది ఫిబ్రవరి. రెండో పంట, దాళ్వా వరి ఇంకా మోకాలెత్తే ఉంది. అది పండి కోతకొచ్చేలోగా నాన్న డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తా ఒకటి వీపున వేసుకుని, వాలుగా వేసిన బల్ల మీదుగా లారీ ఎక్కాలి. ఒక్క బస్తా. ఒక్కసారి. దానికోసమే మేం ఆ మెట్లెక్కింది.

నాన్న పేరు రాజరత్నం. మా పేటలో రైసుమిల్లు ముఠాలో బస్తాలు మోసే కళాసీ. మొదటి పంట, సార్వా కోతలప్పుడు లారీ ఎక్కే బల్ల మీంచి బస్తాతో సహా కింద పడ్డాడు. ఇన్నేళ్ళ మోతలో అదే మొదటిసారి. ఎముక విరగలేదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. కానీ ఆ తరవాత కుడి చేతిలో బలం తిరిగి రాలేదు. బస్తా లాగే కొక్కెం జారిపోయేది. చొక్కా గుండీలు అమ్మ పెట్టేది. నరం పట్టేసి ఉంటుంది, కొన్నాళ్ళు ఆగి బరువులెత్తితే సర్దుకుంటుంది అన్నాడు ఎముకల డాక్టరు.

ముఠాలో అందరికీ సమాన వాటా. ఎక్కువ మోసినవాడికీ, తక్కువ మోసినవాడికీ ఒకటే. ఒంట్లో బాగాలేక పడుకున్నవాడి వాటా కూడా ఒక పంట వరకూ పక్కన పెడతారు. తరవాతి పంటకి మాత్రం, మొదటి లారీ వచ్చిన రోజున, ప్రతివాడూ ఒక బస్తా వీపున మోసి తనే లారీ ఎక్కించాలి. అది మొదటి బస్తా. ఎక్కించలేనివాడు తలగుడ్డ విప్పి, కొత్తగా వచ్చేవాడి చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు. ఎక్కడా రాసి లేదు, ఎవరూ తప్పలేదు. నాన్న ముఠాలో చేరింది కూడా అలాగే. గంగరాజు అనే ఆయన బల్ల మొదట్లోనే బస్తా దించేసి, తలగుడ్డ తీసి నాన్నకిచ్చి, సైకిలెక్కి వెళ్ళిపోయాడట. "వెనక్కి తిరిగి చూడలేదు జ్యోతీ," అనేవాడు నాన్న ఆ కథ చెప్పినప్పుడల్లా, అదే పెద్ద విద్య అన్నట్టు.

నాకు ఇంటి నుంచే ఉద్యోగం. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాము ఎక్కడ విరుగుతుందో వెతికి చెప్పడం నా పని. "పిల్ల జీతం ఉందిగా, ఇంక మొయ్యడం ఎందుకు," అని అమ్మ ఒకసారి అంది. ఆ పూట నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వరుణ్ నాన్న చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు, పాత బండి కొనేవాడిలాగా.

"బాబాయ్‌గారూ, మీకు కండ పెంచాలండి. పది పన్నెండు సార్లు ఎత్తగలిగే బరువు తీసుకుని, మధ్యలో ఎక్కువ ఆగకుండా, నాలుగు విడతలు. కండలోకి రక్తం ఉబికి రావాలి. దాన్ని పంప్ అంటాం."

"బోరు పంపులాగానా బాబూ?"

"ఆయ్, అలాంటిదేనండి."

"కండ అక్కర్లేదు వరుణ్," అన్నాను. "నాన్నకి బలం కావాలి. రెండూ ఒకటి కాదు."

"కండ లేకుండా బలం ఎక్కణ్ణుంచి వస్తుంది, నీ ల్యాప్‌టాప్‌లోంచా?"

"నరం నుంచి. బాగా బరువు పెట్టి, మూడు నాలుగు సార్లే ఎత్తి, మధ్యలో బాగా ఆగాలి. మొదటి రెండు నెలలూ పెరిగేది కండ కాదు. ఉన్న కండనే గట్టిగా పిలవడం నరం నేర్చుకుంటుంది. పది మంది ఉన్న ఆఫీసులో ఇద్దరే పని చేస్తుంటే, ఇంకో పదిమందిని తేవడం నీ పద్ధతి. ఉన్న ఎనిమిది మందినీ లేపడం నా పద్ధతి."

"ఆఫీసు మాటలు చెప్పకు. నా దగ్గర కుర్రాళ్ళని చూడు."

"వాళ్ళు గ్యాస్ బండ మోస్తే చూస్తాను."

నాన్న మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మరి మేం మిల్లులో బరువూ ఎక్కువే ఎత్తుతాం, ఎక్కువ సార్లూ ఎత్తుతాం, ఆగడమూ ఉండదు. అది ఏ పద్ధతి బాబూ?"

"అది పద్ధతి కాదు బాబాయ్‌గారూ, దోపిడీ," అన్నాడు వరుణ్. అద్దాల ముందు కుర్రాళ్ళు కూడా నవ్వారు. నాన్న అందరికంటే ఎక్కువ నవ్వాడు. ముందు నా పద్ధతి, కుదరకపోతే వరుణ్ పద్ధతి అని ఒప్పందమైంది.

ఆ తరవాత మా ఇల్లు గుడ్ల మీద నడిచింది. పొద్దున రాగిజావలో ప్రోటీన్ పొడి కలిపితే నాన్న ముక్కు మూసుకుని తాగేవాడు. మధ్యాహ్నం చేప, సాయంత్రం గుడ్లు. అమ్మ పేరు సంపూర్ణమ్మ. వంట కూడా పేరుకి తగ్గట్టే చేస్తుంది, సగం చెయ్యడం తెలీదు.

"ఇదిగో, ఈ తెల్లసొన కూడా తినేయండి. పిల్ల లెక్క ప్రకారం ఇంకొకటి ఉంది."

"కోడి కూడా ఇన్ని పెట్టదే సంపూర్ణా."

"పెట్టే కోడి మాట్లాడటంలేదు. తినే మీకేంటంట."

మొదట్లో బాగానే సాగింది. బరువు భుజాన పెట్టుకుని కూర్చుని లేవడం వారం వారం పెరిగింది. నాన్నకి ఆ కదలిక నేర్పాల్సిన అవసరమే లేదు. నేను ఫోన్‌లో గ్రాఫ్ గీసి చూపించేదాన్ని. గీత పైకెళ్ళేది. నాన్న దాన్ని వేలితో తడిమి, "ఇది ఇలాగే పోతే కోతలకి ఎక్కడుంటుంది?" అనేవాడు. ఇక్కడ, అని స్క్రీన్ పై అంచు చూపించేదాన్ని. అప్పుడు ఇంట్లో అందరం మామూలుగా మాట్లాడుకునేవాళ్ళం.

తరవాత గీత ఆగింది. ఆగడం మామూలే. ఒంటికి అలవాటు పడ్డాక పెరుగుదల ఆగుతుంది, బరువు కొంచెం తగ్గించి మళ్ళీ ఎక్కాలి అని పుస్తకాల్లో ఉంది. తగ్గించాం. మళ్ళీ ఎక్కలేదు. ఆ తగ్గించినదే బరువైంది.

"ఇప్పుడు నా వంతు," అన్నాడు వరుణ్. గెలిచినట్టు అనలేదు, పాపం. చిన్న బరువులిచ్చాడు. నాన్న గబగబా నాలుగైదు సార్లు ఎత్తేవాడు. ఆ తరవాత చెయ్యి మధ్యలో ఆగిపోయేది, కీ అయిపోయిన గడియారంలా. నొప్పి లేదు, ఆయాసం లేదు. ఊరికే ఆగిపోయేది. నాన్న ఆ చేతికేసి చూసేవాడు, పిలిస్తే పలకని పిల్లాణ్ణి చూసినట్టు.

"పంప్ వచ్చిందాండీ?" అనేవాడు వరుణ్.

"కరెంటు లేదు బాబూ," అనేవాడు నాన్న.

మూడో పద్ధతి నేనూ వరుణూ కలిసి పట్టాం. ఎత్తడం కష్టమైతే దించడం నేర్పాలి. కండ ఎత్తేటప్పటి కన్నా దించేటప్పుడే ఎక్కువ బరువు ఓర్చుకుంటుంది, నెమ్మదిగా దించితే బలమూ వస్తుంది, కండా వస్తుంది. బరువు మేం పైకి ఎత్తి నాన్న చేతిలో పెట్టేవాళ్ళం, ఆయన నెమ్మదిగా దించాలి. నాన్నకి ఈ పద్ధతి బాగా నచ్చింది. "ఎత్తడం ఎవడైనా ఎత్తుతాడమ్మా. చప్పుడు కాకుండా దించినవాడే కళాసీ," అన్నాడు. మొదటి రోజు చప్పుడు కాలేదు. నాలుగో రోజుకి డంబెల్ రబ్బరు పట్టా మీద పడి దొర్లుకుంటూ వెళ్ళి అద్దానికి తగిలింది. అద్దం పగల్లేదు. నాన్న వెళ్ళి ఆ అద్దాన్ని తువ్వాలుతో తుడిచాడు.

మార్చిలో ఒక సాయంత్రం, బరువులయ్యాక, చొక్కా విప్పి ఫ్యాన్ కింద కూర్చున్నాడు నాన్న. చేతిని తొడ మీద ఊరికే పెట్టుకున్నాడు. భుజం కింద చర్మం లోపల ఏదో కదిలింది. కాసేపాగి పక్కన ఇంకోచోట. చేలో నీళ్ళు తీసేటప్పుడు బురద కింద పరిగె చేపపిల్లలు కదులుతాయే, అలాగ. నాన్న చెయ్యి కదపట్లేదు. దానంతటది అదురుతోంది.

"వరుణ్ బాబూ, ఇటొచ్చి చూడండి."

వరుణ్ మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. వాడి మొహం వెలిగిపోయింది.

"లేస్తోంది బాబాయ్‌గారూ. కండ లేస్తోంది. నాకు చెస్ట్ పెరిగేటప్పుడు ఇలాగే అదిరేది."

కుర్రాళ్ళందరూ చుట్టూ చేరారు. ఒకడు ఫోన్‌లో వీడియో తీశాడు. నేను నెట్‌లో వెతికితే అలిసిపోయిన కండ అలాగే అదురుతుంది, కంగారు పడక్కర్లేదు అని వచ్చింది. ఇల్లు చేరేసరికి అమ్మ చెయ్యి పట్టుకుని చూసి, కళ్ళు మూసుకుని, అక్కడికక్కడే ప్రార్థన మొదలుపెట్టింది. ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞత చెల్లించింది. పక్కింటివాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. నాన్న అరుగు మీద చొక్కా లేకుండా కూర్చుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెయ్యి చాపి చూపించేవాడు. "ఒక్క నిమిషం ఆగండి, దానంతటదే వస్తుంది," అనేవాడు. వచ్చేది. రోజురోజుకీ ఎక్కువగా వచ్చేది. ఎడమ చేతికి కూడా వచ్చినప్పుడు అమ్మ పరమాన్నం చేసింది.

చూడ్డానికి మేస్త్రి కూడా వచ్చాడు. వీరాస్వామి. ముఠాకి పెద్ద. నాన్నా ఆయనా ఒకర్నొకరు బావా అనుకుంటారు, కులమూ మతమూ ఏవీ కలవకపోయినా. ఇద్దరూ ఇన్నేళ్ళుగా ఒకే బస్తాకి చెరోపక్కా చెయ్యేసినవాళ్ళు.

"ఏంటి బావా, ఒళ్ళో చేపలు పెంచుతున్నావంట," అన్నాడు.

"నీకూ కావాలంటే చెప్పు, మా జ్యోతి ప్రోగ్రాం రాసిస్తుంది."

"నాకెందుకులే. ఉన్నవే మోయలేక చస్తున్నాను."

నాన్న చెయ్యి చాపాడు. మేస్త్రి భుజం దగ్గర కాసేపు చూశాడు. తరవాత ఆయన చూపు కిందకి జారి నాన్న అరచేతి దగ్గర ఆగింది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కళాసీలకి గట్టిగా, చిన్న నిమ్మకాయంత కండ ఉంటుంది. కొక్కెం పట్టేది దాంతోనే. నాన్నకి అక్కడ గుంట పడి ఉంది. మేస్త్రి ఆ గుంట మీద తన బొటనవేలు పెట్టి, వెంటనే తీసేశాడు.

"బాగుంది బావా. మొదటి లారీకి వచ్చేయ్," అని, కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు.

"చూశావా, కాఫీ కూడా మర్చిపోయాడు. నేను రాననుకుని నా చోటు ఎవరికో మాటిచ్చేసుంటాడు," అని నవ్వాడు నాన్న.

ఏప్రిల్‌లో కోతలు మొదలయ్యాయి. మొదటి లారీ వచ్చిన రోజు నేను ఆఫీసుకి తలనొప్పి అని చెప్పి, నాన్నని స్కూటీ మీద మిల్లుకి తీసుకెళ్ళాను. అమ్మ రానంది. "నేను చూస్తే మీకు సిగ్గేస్తుంది," అంది. వరుణ్ కొట్టు వదిలి వచ్చాడు, చేతిలో గ్లూకోజు పొడి డబ్బాతో.

మిల్లు ఆవరణలో ధాన్యం బస్తాలు ఒకదాని మీద ఒకటి నెట్టు కట్టి ఉన్నాయి. లారీ వెనక తలుపు దించి, నేల నుంచి పైకి బల్ల వేశారు. ఏటా జరిగేదే జరిగింది: మేస్త్రి లారీ చక్రానికి కొబ్బరికాయ కొట్టాడు, తరవాత నాన్న తలగుడ్డ తీసి ప్రార్థన చేశాడు. ఇన్నేళ్ళుగా కొబ్బరికాయ ఆయనది, ఆమెన్ ఈయనది. ముఠా అంతా, బొట్లు పెట్టుకున్నవాళ్ళు కూడా, ఆమెన్ అన్నారు. నాన్న నాలుక ఆ రోజు కొంచెం మందంగా పలికినట్టు అనిపించింది. ఎండ, అనుకున్నాను.

ఒక్కొక్కరే మొదటి బస్తా ఎక్కించి దిగుతున్నారు. నాన్న వంతు వచ్చింది. ఇద్దరు నెట్టులోంచి బస్తా తీసి, చెరోపక్కా పట్టి, నాన్న వీపు మీదకి ఎత్తారు.

నాన్న వంగిన చోటే ఒక్క క్షణం ఆగాడు. తల కొంచెం పక్కకి తిప్పి మేస్త్రికేసి చూశాడు. మేస్త్రి లారీ నంబరు చదువుతున్నట్టు అటు చూస్తున్నాడు. నాన్న అడుగు వేశాడు.

అడుగు పడింది. ఇంకో అడుగు పడింది. నడుము స్థిరంగా ఉంది, బస్తా ఊగట్లేదు. వరుణ్ నా చెయ్యి పట్టుకుని నలిపేస్తున్నాడు. "చూడు జ్యోతీ, దించే పద్ధతే పని చేసింది. నేను చెప్పలేదూ," అంటున్నాడు. ఆ బల్ల మొదలు నుంచి సగం వరకూ, ఆ కాసేపూ, నేను కూడా నమ్మాను. నా గ్రాఫ్ తప్పు, నా లెక్క తప్పు, ఎక్కడో కొలతలో పొరపాటు, మనిషి లోపల మేం చూడని చోట బలం పెరుగుతూనే ఉంది అని నమ్మాను. ముఠా మొత్తం చప్పట్లు కొట్టడానికి చేతులు సిద్ధం చేసుకుంటోంది.

బల్ల మధ్యలో నాన్న కుడి పాదం పైకి లేవలేదు. మడమ లేచింది, వేళ్ళు కిందకి వేలాడి బల్లకి రాసుకున్నాయి. మనిషి ముందుకి తూలి, పక్కకి ఒరిగి, కింద పడ్డాడు.

బస్తా ఆయన కంటే ముందు పడి పగిలింది. పైన మూతి దగ్గర కాసిన్ని ధాన్యం గింజలు చిమ్మాయి. ఆ వెనక అంతా ఊక. ఆ పూట గాలి గట్టిగా ఉంది. ఊక లేచి లారీ మీదా, మా జుట్లలోనూ, మేస్త్రి చొక్కా మీదా, కొబ్బరిచిప్పల్లోకీ వాలింది. నాన్న దాని మధ్యలో మోచేతి మీద లేవడానికి చూస్తున్నాడు. రెప్పల మీద కూడా ఊకే.

ముఠా అంతా కలిసి ముందురోజు కూర్చుని, పెద్ద సూదీ పురికొసా పట్టుకుని, ఆ బస్తా కుట్టి ఉంటారు. వీపున పడిన క్షణంలోనే నాన్న తెలుసుకున్నాడు. తెలిసే నడిచాడు. వాళ్ళకోసం.

నుదురు చీరుకుపోయింది. కుట్లు వేసిన డాక్టరు, కుట్టడం అయ్యాక నాన్నని లేచి నడవమన్నాడు. నడక చూసి, రాజమండ్రిలో నరాల డాక్టరు పేరు రాసిచ్చాడు.

ఆ డాక్టరు చెప్పులు విప్పించి, పాదం వంచి చూశాడు. నాలుక చాపమన్నాడు. చొక్కా విప్పించి ఊరికే కూర్చోమన్నాడు. కాసేపటికి నాన్న భుజం మీద పరిగెపిల్లలు తిరిగాయి.

"ఇది ఎప్పట్నుంచి?"

"మార్చి నుంచండి," అన్నాడు నాన్న హుషారుగా. "కండ లేస్తోందండి. మా అమ్మాయి ట్రైనింగ్."

డాక్టరు నాకేసి చూడలేదు. తీగలు పెట్టి, సూదులు గుచ్చి, మిషన్ మీద ఏవో గీతలు తీశారు. అన్నీ అయ్యాక కాగితం బోర్లా పెట్టి, ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మొదటిసారి పడ్డారు కదా, సార్వా అప్పుడు. పడ్డాక చేతిలో బలం పోయిందా? బలం పోయాక పడ్డారా?"

నాన్న ఆలోచించాడు. కిటికీలోంచి గోదావరి బ్రిడ్జి మీద రైలు వెళ్తోంది. అది దాటేదాకా ఆలోచించాడు.

"అంతకు ముందు నుంచే చెప్పు జారేదండి," అన్నాడు.

నరం నుంచి కండకి వెళ్ళే తీగలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయట. పిలుపు అందని కండ తనంతట తనే కాసేపు అదురుతుందట, ఆ తరవాత ఎండిపోతుందట. చేతులయ్యాక కాళ్ళు, గొంతు, ఆఖరికి ఊపిరి. మందు ఒకటుంది, వాడితే కొన్ని నెలలు ఎక్కువ. నాన్నని బయట కూర్చోబెట్టి నాతో చెప్పాడివన్నీ.

"బరువులెత్తించినందువల్ల ఎక్కువైందాండీ?" అడిగాను.

"లేదమ్మా. అంత బరువులు ఇంక వద్దు గానీ, దానివల్ల వచ్చింది కాదు."

"తక్కువేమన్నా అయిందా?"

"లేదు."

"వేరే పద్ధతి చేసుంటే?"

"ఏ పద్ధతైనా ఒకటే," అన్నాడాయన. కసురుకోలేదు, ఓదార్చలేదు. బయట చాలామంది కూర్చుని ఉన్నారు.

బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. రావులపాలెం దాటాక, "ఏమన్నాడమ్మా?" అని అడిగాడు. చెప్పాను, సగం. మిగతా సగం నా మొహం మీద చదువుకున్నాడు. బయట కోసిన చేలల్లో గడ్డి మోపులు కడుతున్నారు.

"అయితే నీ ఆఫీసులో ఎనిమిది మందీ నిద్రపోవట్లేదన్నమాట. మానేసి వెళ్ళిపోతున్నారు," అన్నాడు నాన్న.

మే నెలలో మేస్త్రి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఈసారి కాఫీ తాగాడు. నాన్న గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే, పక్కన అమ్మ ఇంకో రెండు చేతులు పెట్టింది.

"బావా, ముఠా అంతా అనుకున్నాం. నువ్వు మొదటి బస్తా ఎక్కించినట్టే లెక్క. సగం బల్ల ఎక్కావుగా. నీ చోటు నీకే ఉంటుంది, ఎన్నాళ్ళైనా," అన్నాడు.

"ఎవరు కుట్టారు బావా ఆ బస్తా?"

మేస్త్రి కాఫీలోకి చూశాడు. "అందరం."

"కుట్టు బాగుంది. నేను కూడా చూసి పోల్చుకోలేకపోయాను," అన్నాడు నాన్న. తరవాత తలుపు వెనక మేకుకి వేలాడుతున్న తలగుడ్డకేసి గడ్డం ఎత్తి, నన్ను తెమ్మన్నాడు. తెచ్చాను. "ఊక బస్తాకి వాటా ఏంటి బావా. రేపు ఇంకోడు పడినా ఇలాగే కుడతారు. ఇంక మిల్లులో ధాన్యం ఎవడు మోస్తాడు. తీసుకెళ్ళు."

మేస్త్రి తీసుకోలేదు. నాన్న ఆయనకేసి చూస్తూనే ఉన్నాడు. ఆఖరికి తీసుకుని, మడత పెట్టి, చంకలో పెట్టుకుని, సైకిల్ దాకా వెళ్ళాడు. అక్కడ వెనక్కి తిరిగి చూశాడు. నాన్న అప్పటికే గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఇప్పుడు సార్వా నాట్లు పడుతున్నాయి. నాన్నని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి మార్చాలి. అమ్మకి నడుం నొప్పి. మొదటిసారి నేను ఎత్తబోతే ఇద్దరం మంచం మీద పడ్డాం.

"చేతులతో కాదు," అన్నాడు నాన్న. మాట ముద్దగా వస్తోంది, అయినా నాకు అర్థమవుతుంది. "దగ్గరికి లాక్కో. నీ బొడ్డు దగ్గరికి. బరువు నీది అనుకో. అప్పుడు లే."

"మనిషివి నువ్వు. బస్తావి కాదుగా."

"బస్తా నయం. నోరెత్తదు."

మర్నాటి నుంచి నేనే జిమ్‌కి వెళ్తున్నాను. నాన్నకి రాసిన ప్రోగ్రామే. బాగా బరువు, మూడు నాలుగు సార్లు, మధ్యలో బాగా ఆగడం. వరుణ్ నా వెనక నిలబడి కాపలా కాస్తాడు, పద్ధతుల గురించి ఏమీ అనడు. అద్దాల ముందు కుర్రాళ్ళు జరిగి చోటిస్తారు.

మొదటివారం కష్టమైంది. రెండోవారం నుంచి ఎక్కడం మొదలైంది. కండ ఏమీ పెరగలేదు, చేతులు అలాగే సన్నగా ఉన్నాయి. బలం మాత్రం వారం వారం, రాసినది రాసినట్టు, గీత మీద గీతలా పెరుగుతోంది. ప్రోగ్రాంలో ఎక్కడా తప్పు లేదు. అంత శుభ్రంగా పని చేసే ప్రోగ్రాం నా ఉద్యోగంలో కూడా చూడలేదు.

నిన్న పొద్దున నాన్నని ఒక్క ఊపున ఎత్తి కుర్చీలో దించాను. చప్పుడు కాలేదు. ఆయన నాకేసి చూసి ఏదో అన్నాడు. రెండుసార్లు అన్నాడు. మెచ్చుకున్నాడో, ఇంకేమన్నా అడిగాడో తెలియలేదు. ఆయన మాట నాకు అర్థం కాకపోవడం అదే మొదటిసారి.

నాకు బలం వచ్చిందనుకోవడానికి కూడా లేదు. ఈ నెలలో ఆయనే చాలా తేలికైపోయాడు.